కొత్త వైరస్‌లు, పాత వాడలు: పరిశోధన ఖర్చు మీద ఒక దళిత విమర్శ

కొత్తగా పుట్టుకొస్తున్న వైరస్‌ల మీద పరిశోధనకు ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టాలా? కరోనా తరువాత ఈ ప్రశ్న మన సభల్లో, కాలేజీ చర్చల్లో కూడా వినబడుతున్నది. దీనికి రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. మొదటిది పైనున్న పెద్దమనుషులది. పెట్టాలి, దేశ రక్షణ కోసం ఎంతైనా పెట్టాలి అంటారు వాళ్లు. రెండోది మన మిత్రులది. ఎందుకు పెట్టాలి, వాడలో మంచినీళ్లు లేవు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండడు, ముందు అవి ఇయ్యమనండి, వైరస్‌ల సంగతి కంపెనీలు చూసుకుంటాయి అంటారు వీళ్లు.

ఈ రెండు జవాబులూ పైకి ఎదురెదురుగా ఉన్నట్టు కనబడతాయి. కానీ లోపల ఒక పంపకాన్ని రెండూ ఒప్పుకుంటున్నాయి. ప్రయోగశాల పైవాళ్ల వ్యవహారం, నల్లా నీళ్లు కిందివాళ్ల వ్యవహారం అనే పంపకం అది. చదువు వాళ్లకు, చాకిరీ మనకు అని వేల ఏండ్లుగా నడుస్తున్న పంపకానికి ఇది కొత్త అచ్చు మాత్రమే. మన మిత్రుల జవాబులో కోపం న్యాయమైనదే. అయినా ఆ జవాబు మనను తిరిగి వాడలోనే కూచోబెడుతుంది. అందుకని వాదనను గాలిలో చెయ్యకుండా, మన వరంగల్, కరీంనగర్ పల్లెల్లో జరిగిన ఒక సంగతిని పట్టుకొని చేద్దాం.

2003లో ఏం జరిగింది?

2003 జూన్ నుండి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా ఉత్తర తెలంగాణ పల్లెల్లో, 329 మంది పిల్లలు మెదడువాపుతో జబ్బు పడ్డారు. 183 మంది చచ్చిపోయారు. అందరూ 9 నెలల నుండి 14 ఏండ్ల లోపువాళ్లే. నూటికి 55 మందికి పైగా బతకలేదు. ఆ జబ్బు తీరు చూసినవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. పొద్దున ఆడుకున్న పిల్లకు ఉన్నట్టుండి జ్వరం కాలుతుంది. వాంతులు, ఫిట్స్, ఆ తరువాత స్పృహ ఉండదు. చాలామంది పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. ఊరి నుండి ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కడి నుండి మండలానికి, అక్కడి నుండి ఎంజీఎం దవాఖానకు పోయేలోపే జబ్బు తన పని చేసేది.

అదే ఏడాది ప్రపంచమంతా ఇంకో వైరస్ గురించి మాట్లాడింది. దాని పేరు సార్స్. అది అన్ని దేశాల్లో కలిపి 8,096 మందికి సోకింది, 774 మందిని చంపింది. మన దేశంలో సార్స్ కావచ్చునని లెక్కించిన కేసులు మూడు. చావు ఒక్కటి కూడా లేదు. అయినా విమానాశ్రయాల్లో పరీక్షలు పెట్టారు, పత్రికల మొదటి పేజీలు నిండాయి. ఇక్కడ మన దగ్గర 183 మంది పిల్లలు పోతే అది 'అంతుబట్టని జ్వరం' అయింది. విమానం ఎక్కి వచ్చే వైరస్ ప్రపంచ సమస్య అవుతుంది. మట్టి ఇంటికి వచ్చే వైరస్ జిల్లా సమస్య కూడా కాదు. ఏ వైరస్ 'ముఖ్యమైనది' అనే నిర్ణయం ప్రయోగశాలలో జరగదు. ఎవరి పిల్లలు పోతున్నారు అనే దాని మీద జరుగుతుంది.

పేరు ఎట్లా దొరికింది?

ఆ పిల్లల రక్తం, ఇతర నమూనాలు పూనాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీకి పోయాయి. అక్కడ జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కాదని, వెస్ట్ నైల్ కాదని, డెంగీ కాదని, తట్టు కాదని ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చారు. చివరికి ఆరుగురు పిల్లల నమూనాల నుండి ఒక వైరస్‌ను వేరు చేశారు. చనిపోయిన ఒక బిడ్డ మెదడులో కూడా దాని ఆనవాళ్లు దొరికాయి. అది చాందీపురా వైరస్.

ఇక్కడ మనం కొంచెం ఆగాలె. చాందీపురా అనేది మహారాష్ట్రలో నాగపూర్ దగ్గరి ఒక ఊరు. 1965లో అక్కడ జ్వరాలు వచ్చినప్పుడు పూనా సంస్థవాళ్లు ఇద్దరు జ్వరపు మనుషుల రక్తం నుండి ఈ వైరస్‌ను పట్టుకున్నారు. ఆ సంస్థ 1952లో ఐసీఎంఆర్, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి పెట్టినది. 1965లో ఆ వైరస్‌తో ఎవరికీ పెద్ద పని లేదు. మామూలు జ్వరం, మామూలు ఊరు. అయినా దాన్ని వర్ణించి, పేరు పెట్టి, భద్రపరిచారు. 38 ఏండ్ల తరువాత మన పిల్లల నమూనాల్లో దొరికినదాన్ని ఆ పాతదానితో పోల్చి చూస్తే జన్యువుల వరుస 96.7 నుండి 97.5 శాతం దాకా కలిసింది. అందుకే 2003లో దానికి పేరు చెప్పగలిగారు.

'వెంటనే పనికిరాని పరిశోధనకు జనం సొమ్ము ఎందుకు' అని అడిగే మిత్రులకు మొదటి జవాబు ఇదే. 1965లో ఎవరో ఇట్లాగే అడిగి ఆ పని ఆపి ఉంటే, 2003లో మన పిల్లల చావుకు పేరు కూడా ఉండేది కాదు. పేరు లేని చావు మీద ఎవరినీ నిలదీయలేం. శాంతి చేయించమని, దిష్టి తీయించమని, తల్లి సరిగ్గా చూసుకోలేదని చెప్పేవాళ్లకే అది పనికొస్తుంది.

కానీ ఇదే కథకు రెండో వైపు ఉంది. ఆ 38 ఏండ్లు ఆ వైరస్ ఎక్కడుంది? సంస్థ ఫ్రీజర్లో ఒక భాగం, దక్కన్ పల్లెల్లో మిగతా భాగం. దీన్ని 'కొత్తగా పుట్టుకొచ్చిన' వైరస్ అనటమే ఒక అబద్ధం. వైరస్ కొత్తది కాదు. మన చావు లెక్కలోకి రావటం కొత్త. మధ్యలో ఎంతమంది పిల్లలు 'ఫిట్స్ వచ్చి' పోయారో ఎవరూ రాసుకోలేదు. కాబట్టి ప్రభుత్వం పరిశోధన చేసిందా లేదా అని అడిగితే చాలదు. చేసిన పరిశోధన ఏ ఊరి పొలిమేర దగ్గర ఆగిపోయిందో అడగాలె.

గోడ ముందా, వైరస్ ముందా?

2003 తరువాత ఒక తగవు నడిచింది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రికి చెందిన పిల్లల వైద్యులు కొందరు, ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలకు వచ్చిన దెబ్బ, 'బ్రెయిన్ అటాక్' అన్నారు. పూనావాళ్లు వైరస్ పాత్రను చూపిస్తూ జవాబు రాశారు. ఈ తగవును చూసి కొందరు శాస్త్రవేత్తలకే ఏమీ తెలియదు అని ఎగతాళి చేశారు. అది తప్పు. పరిశోధన ఎక్కువై ఆ తగవు రాలేదు, తక్కువై వచ్చింది. తరువాత 2005-06లో ఉత్తర తెలంగాణ ఆసుపత్రుల్లో ఏడాదిపాటు నిఘా పెట్టి చూస్తే, పిల్లల మెదడువాపుకు చాందీపురా ఒక ముఖ్య కారణం అని తేలింది. అంటే 2003లో వచ్చి వెళ్లిపోయిన చుట్టం కాదు అది, ఇక్కడే కాపురం ఉన్నది. కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగల్లో ఆ వైరస్ ఉన్నట్టు 2005లో ప్రచురించారు.

ఇసుక ఈగ, అంటే శాండ్‌ఫ్లై, దోమ కంటే చిన్నది. ఎగిరి చాలా దూరం పోలేదు, కొంచెం కొంచెంగా గెంతినట్టు పోతుంది. మట్టి గోడల నెర్రెల్లో, పసుల కొట్టంలోని తేమలో, పెంట పక్కన ఉంటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. చీకటి పడ్డాక కుడుతుంది. ఇప్పుడు మన పల్లె పటాన్ని కళ్లముందు పెట్టుకోండి. నెర్రెలు వారిన మట్టి గోడ ఎవరిది? దొర పసులను కాసి, ఆ పెంట ఎత్తి, దాని పక్కనే గుడిసె వేసుకొని పడుకున్నది ఎవరు? 2003 లెక్కలో వయసు ఉంది, ఆడ మగ ఉంది, జిల్లా ఉంది. కులం లేదు. గోడ దేనితో కట్టిందో శాస్త్రానికి అవసరమైంది, ఆ గోడ వెనుక ఎవరుంటారో అవసరం కాలేదు. కులం గడి లేని లెక్కను 'తటస్థమైన' లెక్క అంటారు. మనకు అది తటస్థం కాదు. ఇల్లు ఎక్కడ, ఏ మట్టితో, ఎవరి పెంట పక్కన కట్టుకోవాలో నిర్ణయించింది కులమే అయినప్పుడు, జబ్బు కారణాల్లో కులాన్ని రాయకపోవటం అసంపూర్ణ శాస్త్రం.

'ముందు ఇండ్లు కట్టమనండి, పరిశోధన తరువాత' అనే మాట ఇక్కడ నిలబడదు. గోడ నెర్రెలు పూడ్చాలి, కొట్టాన్ని ఇంటికి దూరం పెట్టాలి, ఫలానా నెలల్లో మందు కొట్టాలి అని మనం ఏ ఆధారంతో అడుగుతాం? ఇసుక ఈగను పట్టి, చీల్చి, చూసిన పరిశోధన ఆధారంతోనే. అట్లాగే 'ముందు పరిశోధన, ఇండ్ల సంగతి వేరే శాఖ' అనే మాట కూడా నిలబడదు. గోడ బాగు కాకుండా వైరస్ పేరు ఒక్కటే తెలిస్తే బిడ్డ పేరు చెప్పుకొని చస్తుంది, అంతే. పరిశోధనను, ఇంటిని పోటీకి పెట్టటం బడ్జెటు రాసేవాళ్లకు లాభం. రెండింటికీ కలిపి తక్కువ ఇచ్చి, మనను మనలో కొట్లాడుకోమంటారు. దేశం పరిశోధన మొత్తానికి పెట్టే ఖర్చు 2020-21లో జాతీయోత్పత్తిలో 0.64 శాతం. ఇందులో నుండి కోసి మన వాడకు నల్లా వేస్తారని నమ్మేంత అమాయకత్వం మనకు అవసరం లేదు.

కంపెనీలు చూసుకుంటాయా?

'వైరస్‌ల సంగతి కంపెనీలు చూసుకుంటాయి' అనే వాదన మీద చాందీపురా కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? మన హైదరాబాద్ పక్కనే జీనోమ్ వ్యాలీ ఉంది. ప్రపంచానికి టీకాలు పంపే నగరం అని చెప్పుకుంటాం. చాందీపురాకు టీకా తయారు చేయవచ్చునని పూనా సంస్థ శాస్త్రవేత్తలు 2009 నాటికే ఎలుకల్లో ప్రయోగించి చూపించారు. 2024 జూన్ నుండి ఆగస్టు మధ్య దాకా మన దేశంలో మళ్లీ 245 మెదడువాపు కేసులు, 82 చావులు లెక్కకు వచ్చాయి. వాటిలో 64 కేసులు చాందీపురా అని నిర్ధారించారు, ఎక్కువ గుజరాత్‌లోనే. అప్పటికి కూడా దానికి టీకా లేదు, ప్రత్యేకమైన మందు లేదు. మట్టి ఇంటి పిల్లకు వచ్చే జబ్బుకు టీకా చేస్తే కొనేవాడు ఎవరు? కొనేవాడు లేనిచోట కంపెనీ రాదు. అది దాని నీతిలోని లోపం కాదు, దాని పుట్టుకలోనే ఉన్నది. అట్లాంటి చోట రావలసింది ప్రభుత్వమే.

ప్రభుత్వం ఏం చేసింది? 2008లో కసౌలీ, కూనూరు, గిండీల్లోని మూడు ప్రభుత్వ టీకా సంస్థల లైసెన్సులను నిలిపేసింది. పద్ధతులు సరిగ్గా లేవన్నారు. బాగు చేయవలసిందాన్ని మూసిపెట్టి, 2010లో మళ్లీ తెరిచారు. ఈలోపు బజారు ఎవరి చేతికి పోయిందో చెప్పనవసరం లేదు. కరోనాలో కొవాగ్జిన్ కథ ఇంకొకటి. వైరస్‌ను వేరు చేసింది ప్రభుత్వ సంస్థ. టీకా అమ్మింది ప్రైవేటు కంపెనీ. అమ్మకాల మీద ఐసీఎంఆర్‌కు 5 శాతం రాయల్టీ అని ఒప్పందం. 2021 ఏప్రిల్‌లో డోసు ధర రాష్ట్ర ప్రభుత్వాలకు 600 రూపాయలు, ప్రైవేటు ఆసుపత్రులకు 1,200 అని ప్రకటించారు. గొడవ అయితే రాష్ట్రాలకు 400కు దించారు. జనం సొమ్ముతో మొదలైన టీకాను జనం ప్రభుత్వాలే బేరమాడి కొనుక్కోవలసి వచ్చింది. అంబేద్కర్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలని ఎందుకు రాశాడో ఇట్లాంటి చోట అర్థమవుతుంది.

మన కోసమా, మన మీదనా?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ప్రభుత్వం డబ్బు పెడితే అంతా బాగవుతుందని అనుకుంటే మనం మన పక్క జిల్లాను మరిచిపోయినట్టు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏండ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. ఆ వైరస్ వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తుంది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, టీకా విదేశీ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం చేయి కలిపాయి. ఆ పిల్లల్లో చాలామంది ఆదివాసీ, దళిత, బీసీ కుటుంబాలవాళ్లు, ఎంతోమంది హాస్టళ్లలో చదువుకుంటున్నవాళ్లు.

పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లి ఎక్కడో పత్తి ఏరుతుంటే బిడ్డ శరీరం మీద వార్డెన్ సంతకం పెట్టాడు. ఆ కాలంలో చనిపోయిన పిల్లల చావులకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చునని విచారణ కమిటీ చెప్పింది. ఆ మాటను దాచిపెట్టి వాదించటం మన పద్ధతి కాకూడదు. ఆ టీకా చెడ్డదని కూడా నేను అనటం లేదు. ఆ క్యాన్సర్‌తో చచ్చేది మన తల్లులే, ఆ టీకా మనకే ఎక్కువ అవసరం. అసలు ప్రశ్న వేరు. అడగకుండా మన పిల్లల చేతికి సూది గుచ్చవచ్చునని అంత ధైర్యం ఎక్కడి నుండి వచ్చింది? ఒక కాన్వెంటు బడిలో వార్డెన్ సంతకంతో ఆ పని జరిగేదా?

ఇది పరిశోధన వద్దనటానికి కారణం కాదు. పరిశోధన డబ్బు దానధర్మం లాగా వచ్చినప్పుడు ఏమవుతుందో చెప్పే పాఠం. ప్రభుత్వ బడ్జెటు అయితే అసెంబ్లీలో, పార్లమెంటులో లెక్క అడగవచ్చు, సమాచార హక్కు కింద కాగితం తీయవచ్చు, కోర్టుకు పోవచ్చు. సీటెల్‌లో కూచున్న దాతను భద్రాచలం తల్లి ఏమని అడుగుతుంది?

శాస్త్రవేత్త ఎవరు?

ఇంకో మాట. పరిశోధన సంస్థల్లో మనం ఎక్కడున్నాం? ప్రయోగశాలలో గాజు సీసాలు కడిగేచోట, ఎలుకల బోన్లు శుభ్రం చేసేచోట ఉన్నాం. 1975లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఒక ఉత్తర్వు పరిశోధన చేసే, నడిపే శాస్త్ర సాంకేతిక ఉద్యోగాల్లో గ్రూప్ ఎ మొదటి మెట్టుకు పైనున్నవాటిని రిజర్వేషన్ నుండి మినహాయించింది. మొదటి మెట్టు దాకా రావచ్చు, ఏం పరిశోధించాలో నిర్ణయించే కుర్చీ దాకా రాకూడదు. చాందీపురా ముఖ్యమా, కాదా అని తేల్చే గదిలో చాందీపురా వచ్చే వాడ మనిషి లేడంటే అది యాదృచ్ఛికం కాదు.

కొత్త వైరస్‌లలో ఎక్కువ భాగం పశువుల నుండి, అడవి జంతువుల నుండి వస్తాయని శాస్త్రవేత్తలే చెబుతున్నారు. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడినప్పుడు మొదట చూసింది అడవికి పోయే కూలిజనం. పశువు ఎందుకు చచ్చిందో, దొమ్మనో గాలికుంటో, తోలు తీసే మాదిగకు, మంద కాసే గొల్ల కురుమకు డాక్టరు కంటే ముందు తెలుస్తుంది. మన వరంగల్ గడ్డ మీద పుట్టిన కంచ ఐలయ్య మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలుగా ఎందుకు లెక్కించాడో ఇక్కడ గుర్తు చేసుకోవాలె. ఈ తెలివికి జీతం లేదు, పదవి లేదు. జబ్బు వచ్చినప్పుడు మాత్రం మన రక్తానికి 'శాంపిల్' అని పేరు.

1897ను ఒకసారి తలుచుకుందాం. ప్లేగు వైరస్ కాదు, బాక్టీరియా. కానీ పాఠం ఒకటే. ఆ జనవరి 10న బొంబాయిలో హాఫ్‌కిన్ తాను తయారు చేసిన ప్లేగు టీకాను మొదట తన ఒంటి మీదనే వేసుకొని చూశాడు. రెండు నెలలకు, మార్చి 10న, పూనా దగ్గర మహర్ వాడ పిల్లవాణ్ణి ప్లేగుతో ఉండగా మోసుకొచ్చిన సావిత్రిబాయి ఫూలే అదే ప్లేగుతో కన్నుమూసింది. ఒకచోట టీకా, ఒకచోట మోసుకుపోయే చేతులు. రెండూ కలవలేదు. మనం అడుగుతున్నది ఆ రెండూ ఒకచోటికి రావాలనే.

కాబట్టి వైరస్ పరిశోధనకు ప్రభుత్వం డబ్బు పెట్టాలా అంటే, పెట్టాలి. మనమే ముందు నిలబడి పెట్టమని అడగాలి. కానీ మన షరతులతో. 2020లో కరోనా మొదటి రోజుల్లో వరంగల్ నమూనాలు హైదరాబాద్ పోవలసి వచ్చింది. తరువాత కాకతీయ మెడికల్ కాలేజీలో పరీక్షలు మొదలయ్యాయి. కరోనా పోయిందని ఆ పనిని ఎండబెట్టకూడదు. జిల్లాల్లోనే వైరస్ పరిశోధన జరగాలి, ప్రతి ఎండాకాలం, వానాకాలం పిల్లల జ్వరాల లెక్క తియ్యాలి. ఆ లెక్కలో కులం, ఇల్లు, పని రాయాలి. మన శరీరాల మీద జరిగే ప్రతి పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతి తెలుగులో, గోండిలో, కోయలో, లంబాడీలో, అర్థమయ్యేట్టు తీసుకోవాలి. వార్డెన్ సంతకం చెల్లదు. ప్రభుత్వ సొమ్ముతో పుట్టిన టీకా ప్రభుత్వ సంస్థలోనే తయారు కావాలి. 1975 ఉత్తర్వును ఎత్తివేయాలి. పరిశోధన తేల్చిన విషయం గోడ దాకా, కొట్టం దాకా, ఆరోగ్య కేంద్రం దాకా రావటానికి అయ్యే ఖర్చును పరిశోధన ఖర్చులోనే కలిపి రాయాలి.

2003లో పోయిన 183 మంది పిల్లలు బతికి ఉంటే ఇవాళ వాళ్లలో కొందరు కాకతీయ యూనివర్సిటీలో పీజీ ముగించుకొని ఉండేవాళ్లు. ఒకరిద్దరు వైరాలజీ చదివి ఉండేవాళ్లేమో. మన మిత్రులు ఈసారి 'పరిశోధన మనకెందుకు' అని అడిగేటప్పుడు, ఈ మాటను కూడా లెక్కలో వేసుకోవాలని నా మనవి.